తోలుబొమ్మ ముందు, ప్రొజెక్టర్ వెనక: విజయవాడ డిజిటల్ కళోత్సవంలో ఒక సాయంత్రం

విజయవాడ బందరు రోడ్డులోని ఒక కన్వెన్షన్ హాలులో పది రోజులుగా జరుగుతున్న డిజిటల్ కళోత్సవాన్ని గత శనివారం మా అమ్మతోనూ, తొమ్మిదో తరగతి చదువుతున్న మేనకోడలితోనూ కలిసి చూశాను. మధ్యాహ్నం మూడు గంటలకు లోపలికి వెళ్లినవాళ్లం రాత్రి తొమ్మిదిన్నరకు గానీ బయటికి రాలేదు. అమరావతి శిల్పాలను నాలుగు గోడల మీదా నడిపించే గది, కళ్లకు తొడుక్కునే హెడ్‌సెట్‌లో ఉండవల్లి గుహలు, నేల మీద బొమ్మలు గీసే కూచిపూడి నృత్యం, కంప్యూటర్ తోడుగా నడిచే తోలుబొమ్మలాట అన్నవి ఇందులోని నాలుగు ప్రధాన అంశాలు. తోలుబొమ్మలాట కోసం ఎంత దూరం నుంచి వచ్చినా వృథా కాదని నా అభిప్రాయం. అమరావతి గదిని ఒకసారి చూడవచ్చు. కూచిపూడి అంశం మాత్రం నన్ను బాధపెట్టింది, ఎందుకో కింద వివరంగా రాస్తాను. ఉత్సవం జరగడం ఇదే మొదటి ఏడాది. నేను గమనించిన లోపాలను నిర్వాహకులకు విడిగా ఉత్తరం రాసి పంపాను, వాటిని దిద్దుకునే వ్యవధి వారికి ఉండాలి గనుక ఇక్కడ వారి పేరు రాయడం లేదు.

నేను గుంటూరులో ఉంటాను. ఇరవై రెండేళ్లుగా పరిషత్తు నాటకాలకు, కళాశాలల వార్షికోత్సవాలకు, కూచిపూడి అరంగేట్రాలకు లైటింగ్ చేస్తున్నాను. అందువల్ల ఇలాంటి ప్రదర్శనకు వెళ్లినప్పుడు రంగుల కంటే ముందు ఒక విషయాన్ని చూస్తాను: వేదిక మీది మనిషి ఒక్క అడుగు తప్పితే ఆ సంగతి యంత్రానికి తెలుస్తుందా, లేక మనిషి ఏం చేసినా యంత్రం తన దారిన తాను పోతుందా? డిజిటల్ అనుభవాన్నీ ప్రత్యక్ష అనుభవాన్నీ కలిపాం అని ప్రకటించుకునే ఏ ఉత్సవాన్నయినా ఈ ఒక్క ప్రశ్నతో తూచవచ్చని నా నమ్మకం.

ఈ కలయిక కొత్తదేమీ కాదు. 1966 అక్టోబరులో న్యూయార్కులోని ఒక సైనిక భవనంలో కళాకారులూ బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ పరిశోధనశాల ఇంజనీర్లూ కలిసి తొమ్మిది రాత్రులు ప్రదర్శనలు ఇచ్చారు. అందులో అమెరికన్ చిత్రకారుడు రాబర్ట్ రాషెన్‌బర్గ్ చేసిన అంశంలో ఇద్దరు టెన్నిస్ ఆడుతుంటే, బ్యాటుకు బంతి తగిలిన ప్రతిసారీ ఆ చప్పుడు హాలంతా మోగి, పైనున్న 36 దీపాల్లో ఒకటి ఆరిపోయేది. అన్నీ ఆరి చీకటి అయ్యేదాకా ఆట సాగేది. బంతి తగలకపోతే దీపం ఆరదు. దీపాలతో బతికేవాణ్ని గనుక ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆస్ట్రియాలోని లింజ్‌లో 1979 నుంచి నడుస్తున్న ఆర్స్ ఎలెక్ట్రోనికా ఉత్సవం ఈ దారిని పెంచి పెద్దది చేసింది. మనదేశంలో 2012లో మొదలైన కొచ్చి ముజిరిస్ బినాలే (రెండేళ్లకొకసారి జరిపే కళా ప్రదర్శన), 2016 నుంచి గోవాలో జరుగుతున్న సెరెండిపిటీ ఉత్సవం సమకాలీన కళను గ్యాలరీ గోడల నుంచి పాత గిడ్డంగుల్లోకీ వీధుల్లోకీ తెచ్చాయి. మరో దారి 2018లో టోక్యోలో జపాన్ డిజిటల్ కళాబృందం టీమ్‌ల్యాబ్ తెరిచిన పెద్ద మ్యూజియం వంటిది, అక్కడ గది మొత్తమే చిత్రం, చూడవచ్చినవారు అందులో నడుస్తారు. మన ఊరి సంగతికి వస్తే, 2024 అక్టోబరు 22న పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్లు ఎగిరిన రాత్రి నేను ఆ జనంలో ఉన్నాను. ఆకాశంలో ఒక వరుస, కృష్ణ నీటిలో దాని నీడగా ఇంకో వరుస, నా చుట్టూ వేలమంది నోట ఒకేసారి ఆహా అన్న మాట. ఆ దృశ్యాన్ని మరచిపోలేను. అయితే మా కేకలు ఆ డ్రోన్లకు వినబడవు, అవి ముందే రాసిపెట్టిన దారిలోనే తిరుగుతాయి. ఒక పెద్ద వేడుకకు అది సరిపోతుంది. టిక్కెట్టు పెట్టి, నాలుగు గోడల మధ్య ప్రత్యక్ష కళ అని పిలిచినప్పుడు అంతకంటే ఎక్కువ కోరుకోవడం న్యాయమే.

టిక్కెట్టు మనిషికి 499 రూపాయలు, పన్నెండేళ్లలోపు పిల్లలకు 299. ఫోన్‌లోనే కొనాలి, కౌంటర్ లేదు. ఇది నేను గట్టిగా చెప్పవలసిన మొదటి ఫిర్యాదు. మేము వరుసలో ఉండగా మంగళగిరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన భార్య చేతిలో డబ్బు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. వారిది మామూలు బటన్ల ఫోను. గేటు కుర్రాడు మర్యాదగానే, "బాబాయ్ గారూ, మా దగ్గర నగదు తీసుకునే ఏర్పాటు లేదండి" అన్నాడు. వారి టిక్కెట్లు నా ఫోన్ నుంచి తీసిచ్చాను, ఆయన లెక్క పెట్టి నా చేతిలో డబ్బు పెట్టారు. ఆ దంపతులు వచ్చింది తోలుబొమ్మలాట చూడటానికి. ఆ ఆటను చిన్నప్పటి నుంచి చూసి ఎరిగిన తరాన్నే గేటు దగ్గర ఆపివేసే పద్ధతి ఈ ఉత్సవానికి తగదు. ఒక బల్ల, ఒక రసీదు పుస్తకం పెడితే తీరే సమస్య ఇది.

లోపల మొదటిది అమరావతి గది. సుమారు అరవై అడుగుల పొడవున్న హాలులో పైకప్పు నుంచి ఎనిమిది ప్రొజెక్టర్లు వేలాడదీసి, నాలుగు గోడలనూ నేలనూ ఒకే చిత్రంగా నింపారు. రెండు ప్రొజెక్టర్ల బొమ్మలు కలిసే చోట అతుకు కనబడకుండా అంచులను పలుచన చేయడం ఎంత ఓపిక అడిగే పనో నాకు తెలుసు. ఏడు అతుకులు నిజంగానే కనబడలేదు. ఉత్తరం గోడ మూల ఒక్క ప్రొజెక్టర్ మాత్రం మిగతావాటికంటే కొంచెం నీలంగా ఉంది, దాంతో బొమ్మ ఆ మూలకు వచ్చేసరికి శిల్పంలోని మనుషులకు జ్వరం వచ్చినట్టు రంగు మారిపోతుంది. దానికంటే పెద్ద లోపం తలుపు దగ్గర ఉంది. ప్రొజెక్టర్ తెలుపును వేయగలదు, ఎరుపును వేయగలదు, నలుపును వేయలేదు. గదిలోని చీకటే దానికి నలుపు. పక్కనున్న తినుబండారాల వరండా నుంచి ట్యూబ్‌లైటు వెలుతురు తలుపు తెర సందులోంచి నేరుగా పడమటి గోడ మీద పడుతోంది, ఆ గోడ మీద రాత్రి దృశ్యాలన్నీ బూడిద రంగులోకి వెళ్లిపోయాయి. ఒక నల్లటి మందపాటి తెర అడ్డంగా వేస్తే పోయేదాని వల్ల లక్షల రూపాయల పరికరం సగం పనే చేస్తోంది.

ఇక విషయం. అమరావతి మహాచైత్యం, అంటే అక్కడి పెద్ద బౌద్ధ స్తూపం, శిల్పాలు ఒకచోట లేవు. 18వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ అధికారి కోలిన్ మెకంజీ కంటపడిన నాటి నుంచి అవి చెదిరిపోతూ వచ్చాయి. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో 120కి పైగా ఉన్నాయి, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో పెద్ద సంఖ్యలో ఉన్నాయి, కొన్ని అమరావతిలోనే ఉన్నాయి. వేర్వేరు దేశాల్లో పడి ఉన్న పలకలను ఒక గదిలో పక్కపక్కన నిలబెట్టడం రాతితో కుదరదు, వెలుతురుతోనే కుదురుతుంది. ఆ పని ఈ గది చేసింది, అందుకు నేను కృతజ్ఞుణ్ని. కానీ ఏ పలక ఇప్పుడు ఎక్కడ ఉందో గదిలో ఎక్కడా రాయలేదు. బయట అట్ట మీద కూడా లేదు. నా మేనకోడలు "ఇవన్నీ అమరావతిలో చూడొచ్చా మావయ్యా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు ఈ గదే చెప్పి ఉండవలసింది.

రంగు గురించి కూడా చెప్పాలి. పల్నాటి సున్నపురాయి తెల్లగా, లేత ఆకుపచ్చ ఛాయతో ఉంటుంది. ఆ చల్లదనం ఆ శిల్పాల అందంలో భాగం. ఇక్కడ అన్నిటికీ బంగారు పూత వేసినట్టు పసుపు వెలుతురు దట్టించారు. ఫోన్‌లో ఫోటోలు బాగా వస్తాయి, రాయి మాత్రం రాయిలా లేదు.

ఈ గదిలో నేను ఎక్కువసేపు నిలబడింది నలగిరి ఏనుగు దగ్గర. చెన్నై మ్యూజియంలో ఉన్న ఆ గుండ్రటి పతకంలో శిల్పి ఒకే ఏనుగును రెండుసార్లు చెక్కాడు. ఒకవైపు అది మదమెక్కి వీధిలో మనుషులను తొక్కుతూ వస్తుంది, మరోవైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లి ఉంటుంది. మధ్యలో భయంతో పక్కవారిని కరుచుకున్న స్త్రీ, మేడ కిటికీల్లోంచి తొంగిచూసే ముఖాలు. కదలిక లేని రాతిలో కాలాన్ని నడిపించడానికి రెండు వేల ఏళ్లనాటి శిల్పి కనిపెట్టిన ఉపాయం ఆ రెండు ఏనుగులు. మన కన్ను ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లేంతలో ఏనుగు మారిపోతుంది, మార్చేది మన చూపే. ఇక్కడి యానిమేషన్ వాళ్లు ఒక ఏనుగును చెరిపేసి, మిగిలిన ఏనుగును గోడ వెంబడి పరిగెత్తించి, చివర వంగేటట్టు చేశారు. బొమ్మ చక్కగా కదిలింది, నేల కూడా అదిరింది, పిల్లలు కేరింతలు కొట్టారు. శిల్పి చేసిన పని మాత్రం పోయింది. కదిలించే సాధనం చేతిలో ఉన్నప్పుడు ఎక్కడ కదిలించకూడదో తెలుసుకోవడం కూడా ఆ సాధనాన్ని వాడటంలో భాగమే. రెండు ఏనుగులనూ అలాగే ఉంచి, కేవలం వెలుతురును ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి నెమ్మదిగా జరిపినా సరిపోయేదని, రోజూ అదే పని చేసేవాడిగా నాకు అనిపించింది. గదిలో పద్దెనిమిది నిమిషాల చిత్రం తిరిగి తిరిగి వస్తుంది. ఒక్కసారి చూస్తే చాలు.

హెడ్‌సెట్లు పన్నెండు పెట్టారు, మేము వెళ్లినప్పుడు తొమ్మిది పనిచేస్తున్నాయి. ప్రతి ఒక్కరి తరువాతా తుడిచి ఇస్తున్నారు, అది మెచ్చుకోదగినది. ప్రకాశం బ్యారేజీ దాటితే కనబడే ఉండవల్లి గుహలను విజయవాడలో హెడ్‌సెట్‌లో చూపించడం దేనికని ముందు అనుకున్నాను. అమ్మ దాన్ని తొడుక్కున్నాక నా అభిప్రాయం మారింది. అమ్మకు అరవై తొమ్మిదేళ్లు, మోకాళ్లు అరిగిపోయి నాలుగు మెట్లు ఎక్కలేదు. పెళ్లయిన కొత్తలో మా నాన్నతో కలిసి ఆ గుహలు ఎక్కిందట. అనంతశయనుడి విగ్రహం ఎదురుగా వచ్చేసరికి తల పక్కకు తిప్పి, పాదాల వైపు నుంచి తల దాకా మెల్లగా చూసుకుంటూ వెళ్లి, హెడ్‌సెట్ తీయకుండానే దణ్ణం పెట్టుకుంది. అమ్మ కళ్లజోడు మీద ఆ పరికరం సరిగా కూర్చోక ముక్కు మీద గీత పడింది. కళ్లజోడు ఉన్నవారి కోసం లోపల పెట్టే చిన్న రబ్బరు ముక్క అడిగితే ఇస్తారు, అడగకపోతే ఇవ్వరు. ఇంట్లో పెద్దవారు ఉన్నవాళ్లకు ఈ అంశాన్ని ప్రత్యేకంగా సూచిస్తాను. బ్యారేజీ దాటి వెళ్లి మెట్లెక్కగలిగినవారు మాత్రం అసలు గుహలకే వెళ్లడం మంచిది.

కూచిపూడి అంశం ఆరు గంటలకు మొదలైంది. సింహనందిని గురించి తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. నేల మీద రంగుపొడి పరిచి, దానిపై బట్ట కప్పి, నర్తకి సింహనందన తాళంలో, 128 అక్షరాల ఆ సుదీర్ఘమైన ఆవృత్తంలో (తాళం ఒక చుట్టు తిరగడం), నాట్యం చేస్తూ పాదాలతోనే సింహం బొమ్మ గీస్తుంది. నాట్యం ముగిసి బట్ట ఎత్తితే సింహం కనబడుతుంది. పాదం అంగుళం పక్కకు జరిగితే సింహం మూతి వంకరపోతుంది. ఆ పొడి అబద్ధం చెప్పదు. ఒక అరంగేట్రంలో నేను దానికి లైటింగ్ చేశాను. బట్ట ఎత్తే క్షణంలో లైటు పెంచవలసిన నా చేయి వణికింది, ఎందుకంటే అక్కడ ఏముందో నాకూ తెలియదు, నట్టువాంగం చెప్పే గురువుగారికీ తెలియదు.

ఇక్కడ పొడికి బదులు తెల్లటి నేల, నర్తకి చీలమండలకు సెన్సర్లు, పైనుంచి ప్రొజెక్టర్. అడుగు పడిన చోట బంగారు గీత పుడుతుందని, అడుగడుగునా సింహం రూపు కడుతుందని వేదిక మీద ప్రకటించారు. నర్తకి గొప్ప శిక్షణ ఉన్న అమ్మాయి. గాత్రం, మృదంగం, నట్టువాంగం అన్నీ ప్రత్యక్షంగా ఉన్నాయి, వాటిలో దేనికీ వంక పెట్టలేను. మూడో ఆవృత్తం నడుస్తుండగా మేనకోడలు నా చెయ్యి గిల్లి, "మావయ్యా, ఆ అక్క కాలు ఇక్కడుంది, గీత అక్కడ వస్తోందేంటి?" అంది. ఎడమ పాదం జారి జానెడు దూరం పక్కకు పోయింది, గీత మాత్రం వెళ్లవలసిన చోటికి వెళ్లింది. ఆ తరువాత నేను నర్తకి ముఖం వైపు చూడలేకపోయాను, నేలనే చూస్తూ కూర్చున్నాను. సింహం తోక, జూలు, పంజా అన్నీ ముందే గీసిపెట్టిన వీడియోలాగా సమయానికి వచ్చి పడ్డాయి.

ప్రదర్శన అయ్యాక కంట్రోల్ బల్ల దగ్గరికి వెళ్లి అడిగితే, అక్కడున్న ఇంజనీరు అమ్మాయి దాచకుండా చెప్పింది. రిహార్సల్‌లో ఖాళీ హాలులో సెన్సర్లు బాగా పనిచేశాయట. నాలుగు వందల మంది నాలుగు వందల ఫోన్లతో వచ్చి కూర్చున్నాక, ఆ వైర్‌లెస్ రద్దీలో సెన్సర్ల సిగ్నల్ తెగిపోతోందట. రెండో రోజు నుంచి తయారుచేసిన వీడియోనే నడుపుతున్నారట. నిండు హాలులో వైర్‌లెస్ మైకులు గరగరలాడటం నేనూ పడ్డ బాధే, కాబట్టి ఆ అమ్మాయి కష్టాన్ని అర్థం చేసుకోగలను. అర్థం కానిది ప్రకటన. సిగ్నల్ రానప్పుడు ఆ మాట వేదిక మీద చెప్పవచ్చు, లేదా సెన్సర్లు పక్కన పెట్టి నేల మీద పొడి చల్లవచ్చు. పొడి చల్లి ఉంటే ఆ జారిన పాదం కూడా సింహంలో ఉండేది, ఆ తప్పును మూడో అడుగులో ఆమె ఎలా సర్దుకుందో మేమంతా చూసేవాళ్లం. ఆమె నిజంగానే సర్దుకుంది, ఎంత నేర్పుగా సర్దుకుందంటే మృదంగం ఆమెకోసం ఆగవలసిన అవసరం రాలేదు. ఆ నేర్పును ఆ బంగారు గీత కప్పేసింది. ఈ రాతలో నా కోపమంతా ఇక్కడే ఉంది.

ఏడున్నరకు తోలుబొమ్మలాట. రాయలసీమ నుంచి వచ్చిన ఒక కుటుంబం వారిది, మూడు తరాలవాళ్లు తెర వెనక ఉన్నారు. మన తోలుబొమ్మలు మనిషంత ఎత్తు ఉంటాయి. మేకతోలును కాగితంలా పలుచగా గీకి, రెండువైపులా రంగులద్ది, నగలూ బట్టల అంచులూ ఉండే చోట సన్నటి రంధ్రాలు తొలుస్తారు. వెనక దీపం వెలిగితే ఆ రంధ్రాల్లోంచి వెలుతురు రవ్వల్లా మెరుస్తుంది. పూర్వం ఆముదం దీపాలు, తరువాత బల్బులు. బొమ్మను తెరకు ఆనిస్తే రంగూ గీతా స్పష్టంగా కనబడతాయి, జానెడు వెనక్కి లాగితే మసకబారి పెద్దదవుతుంది. నేటి ప్రొజెక్టర్లతో మేము చేసే జూమ్‌నూ ఫేడ్‌నూ ఒక వెదురుబద్దతో, ఒక చేతి కదలికతో వాళ్ల తాతముత్తాతలే చేశారు.

ఆ రోజు ఆట సుందరకాండ. పద్దెనిమిది అడుగుల తెల్ల తెర మధ్యలో, దానికి రెండు పక్కలా పైనా మరో పెద్ద పలుచటి తెర. మధ్య తెర పూర్తిగా బొమ్మలది, దాని మీద కంప్యూటర్ ఒక్క చుక్క వెలుతురు కూడా వేయదు. చుట్టూ ఉన్న తెర కంప్యూటర్‌ది. హనుమంతుడు సముద్రం దాటుతుంటే మధ్య తెర మీద బొమ్మ ఎగురుతుంది, చుట్టూ తెర మీద అలలు లేస్తాయి. బొమ్మ పైకి లేచినకొద్దీ అలలు కిందికి దిగిపోతాయి, బొమ్మ ఆగితే సముద్రం ఊపిరి బిగపట్టినట్టు ఆగుతుంది. పాటగాడు రాగం సాగదీస్తే అలలూ సాగాయి. బొమ్మ వెనక వెదురుబద్దకు అతికించిన చిన్న మెరిసే బిళ్లను ఒక కెమెరా చూస్తూ ఉంటుందని తరువాత తెలిసింది. ఆ సంగతి తెలియకముందే హాలులో అందరికీ అర్థమైంది, ఇక్కడ పెద్దరికం బొమ్మదని, సముద్రం దాని మాట వింటోందని.

లంకాదహనంలో మంట విషయం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. కంప్యూటర్ మంట తోకకు అంటుకోలేదు. తోక మంటను పాత పద్ధతిలో, ఎర్రటి తోలు ముక్కను గడగడలాడించి చూపించారు. కంప్యూటర్ చేసింది చుట్టూ తెర మీద లంక ఇళ్ల కిటికీలు ఒక్కొక్కటిగా ఎర్రబడటం, ఆ తరువాత పొగ, అంతే. ఆట అయ్యాక కంట్రోల్ బల్ల దగ్గర ఉన్న కుర్రాడిని ఎందుకలా చేశారని అడిగాను.

"మొదట తోకకే మంట పెట్టాలని చూశాం సార్. తాతగారి చెయ్యి వేగానికి మా మంట అందుకోలేకపోయింది. తోక ఇటు వస్తే మంట అటే ఉండిపోయేది."

"కొంచెం నెమ్మదిగా ఆడించమని అడగలేదా?"

"అడిగాం సార్. దరువు ఆగదు బాబూ అన్నారు. ఇక మేమే మార్చుకున్నాం."

కెమెరా చూసి, కంప్యూటర్ లెక్కవేసి, ప్రొజెక్టర్ బొమ్మ వేసేసరికి కొంత డిలే తప్పదు. సెకనులో పదోవంతు దాటితే మనిషి కన్ను దాన్ని పట్టేస్తుంది. గట్టిగా ఊగే తోక దగ్గర అంతకంటే తక్కువ కూడా తెలిసిపోతుంది. అల విషయంలో, పొగ విషయంలో ఆ ఆలస్యం ఎవరికీ తెలియదు, ఎందుకంటే నిజమైన అల కూడా గాలి వీచిన తరువాతే లేస్తుంది. యంత్రం ఎక్కడ వెనకబడుతుందో తెలుసుకుని, వెనకబడినా సహజంగా కనబడే పనులనే దానికి అప్పగించారు. ఆటను యంత్రానికి సరిపడేలా నెమ్మది చేయలేదు. ఈ ఒక్క నిర్ణయం వల్ల ఈ అంశం మిగతా మూడింటికీ అందనంత ఎత్తున నిలబడింది. కూచిపూడి బల్ల దగ్గరి అమ్మాయికీ ఈ కుర్రాడికీ తెలివితేటల్లో తేడా లేదు. ఇతనికి ‘అలా కుదరదు’ అని చెప్పడానికి ఒక తాతగారు ఉన్నారు.

మధ్యలో ఈ ఆటలోని హాస్యపాత్రలు జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చారు. "పోలిగాడొచ్చాడంటే నిద్రపోతున్న పిల్లల్ని కూడా లేపేవాళ్లం రా" అని అమ్మ నా చెవిలో చెప్పింది. అమ్మ పుట్టిన ఊరు తెనాలి దగ్గర, సంక్రాంతి తరువాత అక్కడికి ఆటవాళ్లు వచ్చేవారట. పోలిగాడు టిక్కెట్టు ధర గురించి, ఫోన్‌లో ముఖం పెట్టుకున్న ముందు వరుసవాళ్ల గురించి, పక్క గదిలో అదిరే నేల గురించి మాట్లాడాడు. ముందు వరుసలో ఒక పాప గట్టిగా ఏదో అంటే, దానికీ జవాబు చెప్పాడు. ఇవేవీ ముందు రాసుకున్నవి కావు. ఆ ఆరేడు నిమిషాలూ కంట్రోల్ బల్ల దగ్గరి కుర్రాడు కీబోర్డు మీది నుంచి చేతులు తీసేసి, కుర్చీ వెనక్కి జరిపి, ప్రేక్షకుడిలా నవ్వుతూ కూర్చున్నాడు. చుట్టూ తెర చీకటిగా ఉంది. మళ్లీ కథలోకి వచ్చే పద్యం ఎత్తుకోగానే ముందుకు జరిగి చేతులు పెట్టాడు. లైటింగ్ వృత్తిలో కొత్తగా చేరేవాళ్లకు చెప్పడానికి నేను ఇన్నేళ్లుగా తిప్పలు పడే విషయాన్ని ఆ కుర్రాడు చేసి చూపించాడు.

ఒక్క లోపం. పక్క గదిలో అమరావతి ఏనుగు పరిగెత్తినప్పుడల్లా దాని సబ్‌వూఫర్ దెబ్బ ఇక్కడిదాకా వచ్చి హార్మోనియం స్వరాన్ని మింగేస్తోంది. పద్దెనిమిది నిమిషాలకొకసారి ఇది తప్పదు. సాయంత్రం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా అమరావతి గదిలో శబ్దం తగ్గించడమో, ఆ గదిని మూసివేయడమో చేయాలి. నేను ఉత్తరంలో రాసిన వాటిలో మొదటిది ఇదే.

మిగతా సౌకర్యాలు ఫరవాలేదు. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి. మంచినీళ్లు ఉచితం. వరండాలో పునుగులు వేడిగా ఉన్నాయి, కాఫీ చల్లారింది. వాలంటీర్ పిల్లల మర్యాద గురించి మాత్రం విడిగా చెప్పాలి. ఒక అమ్మాయి అమ్మను దూరం నుంచే చూసి, "మామ్మగారూ, మీరు వరుసలో నిలబడొద్దండి, ఇటు రండి" అని చేయి పట్టుకుని తీసుకెళ్లి కుర్చీ వేసింది, ప్రతి అంశం అయ్యాక మళ్లీ వచ్చి చూసుకుంది. పార్కింగ్ చాలదు. గుంటూరు వైపు నుంచి వచ్చేవారు బస్సులో నెహ్రూ బస్‌స్టేషన్‌కు చేరి అక్కడి నుంచి ఆటోలో రావడం మేలు.

ఉత్సవం వచ్చే ఆదివారం దాకా ఉంటుంది. సమయం తక్కువ ఉన్నవారు ఆరున్నరకు వచ్చి, అమరావతి గదిని ఒక్కసారి చూసుకుని, నేరుగా తోలుబొమ్మలాటకు వెళ్లవచ్చు. అక్కడ మధ్య వరుసల కోసం తోసుకోకుండా కుడివైపు చివర కుర్చీల్లో కూర్చోండి. పక్క తెర అక్కడ కొంచెం ఎత్తి ఉండటం వల్ల ఆడించేవారి పాదాలు కనబడతాయి. కాళ్ల కింద చెక్కపలకలు పరుచుకుని, గజ్జెలు కట్టుకుని, యుద్ధం వచ్చినప్పుడు వాటి మీద దబదబ తొక్కుతారు. ఆ చప్పుడు స్పీకర్లలోంచి కాకుండా నేల గుండా కుర్చీలోకి వస్తుంది. అమ్మ చెప్పులు విప్పి, ఆట అయిపోయేదాకా పాదాలు నేలకు ఆనించి కూర్చుంది.